చెరకు వచ్చిన నేలలో షుగరూ, క్యాన్సరూ

ధర్మపురి పాత పేరు తగడూరు. దాన్ని ఏలిన అదియమాన్ నెడుమాన్ అంజి పూర్వీకులే తమిళ నేలకు చెరకు తెచ్చారని సంగం కాలపు పురనానూరులో అవ్వైయార్ చెప్పింది. చెరకు వచ్చినా ఆ మెట్టసీమ బతికింది రాగులు, సామలు, ఉలవల మీదే. హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగు ఇళ్లలోనూ సంగటే తిండి, వరి అన్నం పండక్కి. తర్వాత రేషను బియ్యం వచ్చింది. 2011 నుంచి అది ఉచితం. ఆకలి తీర్చిన బియ్యాన్ని తిట్టడం అన్యాయం. కాకపోతే రాగులు వెనక్కి పోవడం, ఒంటికి పని తగ్గడం, నడుము పెరగడం దాదాపు ఒకే కాలంలో జరిగాయి.

ఆ నడుము వెనక షుగరుంది, షుగరు వెనక క్యాన్సరు ముప్పుంది. క్యాన్సరుకూ ఒంట్లో చక్కెర నడకకూ ఉన్న లంకెను మొదట పట్టుకున్నది బెర్లిన్‌లో శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్. 1920లలోనే ఆయన గమనించాడు: ప్రాణవాయువు అందుతున్నా క్యాన్సరు కణం గ్లూకోజును విపరీతంగా లాక్కుని, పులియబెట్టి వాడుకుంటుంది. కణం శ్వాస చెడిపోవడమే క్యాన్సరుకు మూలమన్న ఆయన నిర్ణయం నిలవలేదు, గమనించింది మాత్రం నిలిచింది. ఇవాళ్టి పెట్ స్కాన్ దాని మీదే నడుస్తోంది. రోగిని పరగడుపున రమ్మంటారు. ముందు వేలు గుచ్చి షుగరు చూస్తారు. బాగా ఎక్కువుంటే స్కాను వాయిదా పడుతుంది, ఎందుకంటే రక్తంలో ఉన్న చక్కెర, స్కాను కోసం ఇంజెక్షన్‌లో ఎక్కించే గ్లూకోజుతో పోటీ పడి బొమ్మను మసక చేస్తుంది.

1895లో భీమవరంలో పుట్టి మద్రాసులో వైద్యం చదివిన యల్లాప్రగడ సుబ్బారావు ఈ కథకు రెండు కొసలా ఉన్నారు. హార్వర్డ్‌లో తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెలికి తీశారు. ఒంటికి శక్తి ఎలా అందుతుందో చెప్పే పదార్థాలవి. తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం చేసిన అమినోప్టెరిన్ మందునే డాక్టర్ సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో రక్త క్యాన్సరు పిల్లలకు ఇచ్చాడు. ఆ ఫలితాలు అచ్చయిన 1948లోనే సుబ్బారావు కన్నుమూశారు.

1954లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి పూనికతో అడయారులో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వెలిసింది. అప్పట్లో దక్షిణాదిన ఎక్కువగా కనిపించినవి పొగాకు తెచ్చే నోటి క్యాన్సర్లు, వైరస్ తెచ్చే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు. దశాబ్దాలు గడిచాక చెన్నైలో రొమ్ము క్యాన్సరు వాటిని దాటింది. దానికి కారణాలు చాలా ఉన్నాయి. ముట్లుడిగిన తర్వాత పేరుకునే కొవ్వు వాటిలో ఒకటి.

కొవ్వు ఊరికే పడి ఉండదు, ఈస్ట్రోజెన్ తయారు చేస్తుంది. ఒళ్లు ఇన్సులిన్ మాట వినకపోతే క్లోమం ఇంకా ఇంకా ఇన్సులిన్ పోస్తుంది. పెరగమని కణాలకు చెప్పే హార్మోను కూడా అదే. అమెరికన్ డయాబెటిస్, క్యాన్సర్ సంస్థలు 2010లో కలిసి ఇచ్చిన నివేదిక ప్రకారం షుగరు ఉన్నవాళ్లకు కాలేయం, క్లోమం, గర్భాశయం లోపొర క్యాన్సర్ల ముప్పు దాదాపు రెట్టింపు, ఆపైన. అధిక కొవ్వుకు 13 రకాల క్యాన్సర్లతో లంకె ఉందని 2016లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది.

మనం సన్నగానే ఉన్నాం కదా అనుకునేవాళ్లు పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో వేయించుకున్న ఫొటో చూడాలి. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. అందుకే మనకు తూకం కంటే టేపు ముఖ్యం: నడుము మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్ల లోపు ఉండాలి.

షుగరు బిళ్ళ మెట్‌ఫార్మిన్ క్యాన్సరును ఆపుతుందని 2005 నుంచి ఆశ రేగింది. 3,600 మందికి పైగా రొమ్ము క్యాన్సరు రోగుల మీద చేసి 2022లో ప్రచురించిన పెద్ద పరీక్షలో, షుగరు లేనివాళ్లకు ఆ బిళ్ళ వల్ల వ్యాధి తిరగబెట్టడం తగ్గలేదు. అన్నం మానేస్తే గడ్డ ఎండిపోతుందని చెప్పేవాళ్లు దీన్నయినా చూడాలి. కీమోతో చిక్కి శల్యమైన మనిషి కంచం లాక్కోవడం క్రూరత్వం. జబ్బు రాకముందు చేయాల్సిన పనిని వచ్చాక ఉపవాసంతో చేయలేం.

2023లో ధర్మపురి రేషను దుకాణాల్లో బియ్యానికి బదులు కార్డుకు 2 కిలోల రాగులు ఇవ్వడం మొదలైంది. ఒకప్పుడు ధర్మపురి జిల్లాలోదే అయిన కృష్ణగిరి ప్రాంతపు సామనపల్లిలో 2021 ఆగస్టు 5న 'మక్కలై తేడి మరుత్తువం' (జనం దగ్గరికే వైద్యం) పథకం ఆరంభమైంది. ఆ పథకం కింద బీపీ, షుగరు బిళ్ళలు ఇంటికే వస్తాయి. మంచాన పడ్డ రోగికి ఉపశమన సేవా అదే గడపకు వస్తుంది. బిళ్ళలు ఇచ్చే ఆ చేతిలోనే ఒక టేపు ఉండాలి. షుగరున్న, ముట్లుడిగిన ప్రతి ఆడమనిషినీ ఒక మాట అడగాలి: ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపించిందామ్మా? చుక్కైనా సరే, కనిపించిందంటే వారం తిరక్కుండా పెద్దాసుపత్రికి పంపాలి. గర్భాశయం లోపొర క్యాన్సరు తొలి దశలో దొరికితే చాలామందికి నయమవుతుంది.