యంత్రనిర్ణయ పునర్విచారణ: ఉత్తరాంధ్ర ప్రజల దృష్టి

ప్రభుత్వ సహాయమునకు ఒకరి అర్హతను కంప్యూటరు తేల్చినప్పుడు, ఆ తీర్పును తిరిగి చూడవలసినది యంత్రమా, మనుష్యుడా అను విషయమున శ్రీకాకుళ, విజయనగర జిల్లాల ప్రజల అభిప్రాయము పింఛను, బియ్యపుకార్డుల వ్యవహారమునుండి రూపొందినది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయములు వెలసిన పిమ్మట, ఆధార్ సంఖ్యకు ముడిపడిన భూమి, విద్యుత్తు, వాహనము, ఆదాయపు పన్ను మున్నగు దస్త్రములను జతపరచి అనర్హులను ఏరు పద్ధతి నెలకొనెను. సిక్స్ స్టెప్ వెరిఫికేషన్ అని సిబ్బంది వ్యవహరించు ఆ వడపోతలో మాగాణి 3 ఎకరములు, మెట్ట 10 ఎకరములు, నెలకు సగటున 300 యూనిట్ల విద్యుత్తు హద్దులుగా ఉండెను.

పరుల మీటరు తన ఆధారునకు తగులుకొన్న వృద్ధురాలు, ఒంటిదీపపు ఇంటి కరెంటు బిల్లును చేతబట్టుకొని సచివాలయమునకు పోయినను, తెరమీద అనర్హురాలనియే కనబడును. ఎన్నిమారులు సరిచూపించినను యంత్రము ఆ తప్పు నమోదునే చదువును గనుక జవాబు మారదు. విద్యుత్తు సంస్థ ఉద్యోగి మీటరును విడదీసి నమోదు దిద్దిననే దారి తెరచుకొనును. స్వయంచాలక పునఃపరిశీలనపై ఇక్కడివారి అపనమ్మకమునకు మూలము ఇది. దళారి ప్రమేయమును, పక్షపాతమును చవిచూచి, ముఖము చూడని యంత్రమే మేలని మొదట సంతసించినవారును కలరు.

పలాస ప్రాంతమున జీడిపిక్కలు వలుచు స్త్రీల వ్రేళ్లను తొక్కలోని ఘాటైన నూనె కాల్చును. గీతలు చెరిగిన వ్రేలిని, వ్రేలిముద్ర చదివి సరుకు ఇచ్చు ఈపాస్ యంత్రము గుర్తింపకపోవచ్చును. 2015 నుండి రేషను డిపోలకు ఆ యంత్రములు రాగా, ముద్ర పడనివారికై గ్రామ రెవెన్యూ అధికారి (వీఆర్వో) తన వ్రేలిముద్ర వేసి సరుకు ఇప్పించు వెసులుబాటు కల్పింపబడెను. ఊరివారిని ఎరిగిన ఉద్యోగి సాక్ష్యము యంత్రపు నిరాకరణను త్రోసిపుచ్చగలిగిన ఆ ఏర్పాటు మిక్కిలి ప్రశంసార్హము.

ఇట్టి అపనమ్మకము ఇక్కడివారికే పరిమితము కాదు. డీట్‌వోర్స్ట్, సిమన్స్, మాసీ అను పరిశోధకులు, తప్పుచేసిన గణనపద్ధతిని (అల్గారిదమును) జనులు వెంటనే విడనాడుదురని 2015లోను, ఫలితమును కొంచెమైనను దిద్దు అధికారమున్నచో దానినే స్వీకరింతురని 2018లోను చూపిరి. తెలంగాణమున కంప్యూటరు గణనను ఆధారముగా గొని సుమారు 19 లక్షల రేషను కార్డులు రద్దుచేయబడగా, వానిని క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలింపవలెనని 2022 ఏప్రిలులో సర్వోన్నత న్యాయస్థానము ఆదేశించెను.

మనుష్యుడు ఉన్నంతమాత్రమున చాలదు. సోమవారము కలెక్టరేటున ఇచ్చిన అర్జీ మరల అదే సచివాలయమునకు దిగివచ్చి, డిజిటల్ అసిస్టెంటు అదే తెరను చూచి అదే మాట వ్రాసిపంపినచో, అర్జీదారునికి అదియు యంత్రవిచారణయే. వారు కోరునది ఇంటికి వచ్చి చూచి, నమోదును మార్చగల అధికారము గలిగి, నిరాకరించినచో కారణము వ్రాసి సంతకము చేయు ఉద్యోగిని.