గాయం కనిపించని మరణం: పేలుడు తరంగంపై పరిశోధనల చరిత్ర

మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగి గుండ్లు పేలినచోట కొందరు సైనికులు ఒంటిపై చిన్న గీతైనా లేకుండా మరణించి కనిపించేవారు. మరికొందరు బ్రతికి బయటపడినా వణుకు, మతిమరుపు, మాట పడిపోవడం వంటి బాధలతో ఆసుపత్రికి చేరేవారు. ఈ రెండవ కోవవారి గురించి 1915లో బ్రిటిష్ వైద్యుడు చార్లెస్ మైయర్స్ లాన్సెట్ పత్రికలో వ్రాస్తూ ‘షెల్ షాక్’ అనే మాట వాడారు. ఆ మాట ఎంతగా వ్యాపించిందంటే, శరీరానికి తగిలిన దెబ్బకూ మనసుకు తగిలిన దెబ్బకూ భేదం మరుగునపడింది. మొదటి కోవవారి మరణానికి కారణం మాత్రం తేలలేదు.

పేలుడు జరిగినప్పుడు గాలి పీడనం క్షణంలో విపరీతంగా పెరిగి, ధ్వనికన్నా వేగంగా నలుదిక్కులా దూసుకుపోతుంది. వెంటనే సాధారణస్థాయికన్నా దిగువకు పడిపోతుంది. ఇది ఊపిరితిత్తులను ఎలా చిట్లిస్తుంది? నోటిద్వారా లోపలికి చొరబడిన పీడనమా, తరువాతి పీల్పుడా, లేక ఛాతీగోడపై పడిన దెబ్బా?

రెండవ ప్రపంచయుద్ధంలో ఈ ప్రశ్నను ఆక్స్‌ఫర్డ్ శరీరనిర్మాణ శాస్త్రవేత్త సాలీ జుకర్‌మన్ చేపట్టారు. కుందేళ్ళ శరీరానికి మందమైన స్పాంజి రబ్బరు తొడిగి, ముక్కూ నోరూ తెరచి ఉంచి, పేలుడుకు ఎదురుగా ఉంచారు. గాలి లోపలికి పోయే మార్గం తెరిచే ఉన్నా రబ్బరు తొడిగిన జీవుల ఊపిరితిత్తులు చాలావరకు క్షేమంగా ఉన్నాయి. తొడుగు లేనివాటిలో రక్తస్రావం కనిపించింది. అంటే దెబ్బ ఛాతీగోడ మీదుగా వచ్చిందన్నమాట. 1940 ఆగస్టులో ఈ ఫలితాలు లాన్సెట్‌లో వెలువడ్డాయి. మరుసటి నెలలోనే లండన్‌పై ఎడతెగని బాంబుదాడులు ఆరంభమయ్యాయి.

యుద్ధానంతరం అమెరికాలోని ఆల్బుకర్కీలో లవ్‌లేస్ సంస్థ పరిశోధకులు ఈ కృషిని కొనసాగించారు. 13 జాతుల జంతువులపై లభించిన ఫలితాలను బట్టి, మనిషి ఎంత పీడనాన్ని ఎంతసేపు తట్టుకోగలడో 1968లో బోవెన్, ఆయన సహచరులు రేఖాచిత్రాలుగా అందించారు. పీడనం నిలిచే కాలం పెరిగినకొద్దీ తక్కువ పీడనమే ప్రాణాంతకమవుతుందని, పక్కన గోడ ఉంటే తరంగం తిరిగివచ్చి ప్రమాదాన్ని పెంచుతుందని అవి తెలిపాయి. ఈ జ్ఞానానికి మూల్యంగా వేలాది మూగజీవాలు ప్రాణాలు కోల్పోయాయన్నది వైద్యులం మరువరాని సత్యం.

ఈ సూత్రం ప్రయోగశాలకే పరిమితం కాదని 1996లో ఇజ్రాయెల్ వైద్యులు చూపారు. వారు పరిశీలించిన బాంబుదాడుల్లో ఆరుబయట గురైనవారిలో సుమారు 8 శాతం మరణించగా, బస్సులలో ఉన్నవారిలో దాదాపు సగంమంది మరణించారు. మూసిన చోట తరంగం గోడలకు తగిలి మళ్ళీ మళ్ళీ శరీరాన్ని తాకుతుంది.

ఈ చరిత్ర యుద్ధరంగానిది మాత్రమే అనుకోరాదు. బాణసంచా తయారీ కేంద్రం, రసాయన కర్మాగారం, క్వారీ: భారీ పేలుడు ఎక్కడ జరిగినా శరీరధర్మం ఒక్కటే. దగ్గరలో ఉండి లేచి నడిచి వచ్చిన మనిషిని “ఏమీ కాలేదు” అని ఇంటికి పంపకండి. ఆయాసం, దగ్గు, ఛాతీనొప్పి, కఫంలో రక్తం, కడుపునొప్పి, చెవులు వినపడకపోవడం వీటిలో ఏది కనిపించినా తక్షణం ఆసుపత్రికి చేర్చండి. కర్ణభేరి చిట్లలేదు కనుక ఊపిరితిత్తులు క్షేమమని నిర్ధారించుకోవడమూ పొరపాటే. కొందరిలో ఈ లక్షణాలు కొన్ని గంటల తరువాతే బయటపడతాయి. అందుకే చర్మం చెప్పని సంగతిని ఎక్స్‌రేతోను, ఓపికతోను కనిపెట్టాలి.