సుల్తాన్‌పూర్: మట్టితో మలిచిన కొలువు

మా గురుగ్రామ్ నుంచి ఫరూఖ్‌నగర్ వెళ్లే దారిలో ఉన్న సుల్తాన్‌పూర్‌కు తొలుత పేరొచ్చింది ఉప్పుతో. బావుల్లో ఊరే ఉప్పునీటిని తోడి మడుల్లో ఎండబెట్టేవారు. ఆ సరుకు కోసమే 1873లో ఫరూఖ్‌నగర్ దాకా రైలు పట్టాలు పడ్డాయి.

వానలొస్తే ఈ పల్లమంతా నీళ్లే. సాహిబీ నది పొంగిన ఏడాది పక్కనున్న నజఫ్‌గఢ్ జీల్ అనే సరస్సు రెండు వందల చదరపు కిలోమీటర్లు దాటేది, ఇంచుమించు మన కొల్లేరంత. 1865 నుంచి బ్రిటిష్‌వాళ్లు కాలువ తవ్వి ఆ నీటిని యమునలోకి మళ్లించారు. 1964 వరదల తరవాత కాలువను ఇంకా వెడల్పు చేశారు. జీల్ అడుగు పొలాలైంది, పొలాలు ప్లాట్లయ్యాయి.

సుల్తాన్‌పూర్ మిగలడానికి కారణం ఒక ఉత్తరం. పీటర్ జాక్సన్ అనే పాత్రికేయుడు, పక్షి ప్రేమికుడు ఇందిరాగాంధీకి రాశాడు. 1971లో ఇది పక్షుల రక్షిత ప్రాంతమైంది, 1991లో జాతీయ ఉద్యానం, 2021లో రామ్‌సర్ ఒప్పందం కింద గుర్తించిన చిత్తడినేల.

కానీ ఇది నీరు తగ్గిన చెరువు. అందుకే యమున నీటిని గుర్గావ్ కాలువ మీదుగా తెచ్చి పోస్తున్నారు. నీళ్ల మధ్య మట్టి దిబ్బలు పోసి నల్లతుమ్మలు నాటారు. నా లెక్కలో ఢిల్లీ చుట్టుపక్కల ఇంతకు మించిన శిల్పం లేదు. వానాకాలం వెళ్లేసరికి ఆ తుమ్మల నిండా ఎర్రకాళ్ల కొంగల గూళ్లు. ఒక్క కొమ్మకే నాలుగైదు. రెట్టపడి ఆకులు సున్నం కొట్టినట్టు ఉంటాయి. మిట్టమధ్యాహ్నం తల్లికొంగ రెక్కలు విప్పి, కదలకుండా, పిల్లలకు నీడ పడుతుంది. చలికాలంలో హిమాలయాలు దాటి తలమీద రెండు నల్లగీతలున్న బాతులు దిగుతాయి. కాలువ నీళ్లు అందని వేసవిలో మాత్రం ఆ దిబ్బల చుట్టూ నేల బీటలు వారుతుంది.

ఈ చెరువు చుట్టూ కంచె ఉంది. బసాయికి ఏ కంచె ఉంది? గురుగ్రామ్ అంచున ఉన్న ఆ నీటి మడుగులను పక్షులకు ముఖ్యమైన చోటుగా బర్డ్‌లైఫ్ సంస్థ గుర్తించింది. అయినా అక్కడే నిర్మాణ వ్యర్థాల ప్లాంటు వచ్చి కూర్చుంది. పక్షికి సరిహద్దు గీత తెలియదు; సుల్తాన్‌పూర్‌లో గూడుకట్టిన కొంగ మేతకు చుట్టుపక్కల మడుగులకూ పోతుంది. వాటిని పూడ్చేసి దిబ్బలను మాత్రమే కాపాడితే పిల్లలు ఏం తిని పెరుగుతాయి?

నజఫ్‌గఢ్ జీల్‌ను చిత్తడినేలగా ప్రకటించాలని వారసత్వ పరిరక్షణ సంస్థ ఇన్‌టాక్ జాతీయ హరిత ట్రైబ్యునల్‌ను ఆశ్రయించింది. జీల్ కొంత హర్యానాది, కొంత ఢిల్లీది. ఆ రెండు ప్రభుత్వాలూ ఒకే పటం మీద ఒకే గీత గీయాలి, బసాయిలో మిగిలిన నీళ్లను కూడా అందులో కలపాలి.