యాప్ క్యాబ్‌లలో లైంగిక దాడి: బాధితులకు చట్టపరమైన మార్గాలు

యాప్‌లో బుక్ చేసుకున్న క్యాబ్, ఆటో, బైక్ ట్యాక్సీలలో లైంగిక దాడికి గురైనవారికి భారతదేశంలో మూడు మార్గాలున్నాయి: క్రిమినల్ కేసు, ప్రభుత్వ పరిహారం, కంపెనీపై చర్య. ఒకదాని కోసం మరొకటి వదులుకోనక్కర్లేదు.

నేపథ్యం
2013 అక్టోబరు 18న హైదరాబాద్ మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిని ఇద్దరు కారులో ఎక్కించుకుని, అపహరించి అత్యాచారం చేశారు. ‘అభయ’ కేసుగా పేరుపడిన దీనిలో 2014 మేలో దోషులకు 20 ఏళ్ల జైలుశిక్ష పడింది. 2014 డిసెంబరులో ఢిల్లీలో ఊబర్ ప్రయాణికురాలిపై అత్యాచారం చేసిన డ్రైవర్‌కు 2015 నవంబరులో యావజ్జీవ శిక్ష విధించారు. కంపెనీపై ఆమె అమెరికాలో వేసిన దావా రాజీతో ముగిసింది.

పోలీసు ఫిర్యాదు
దాడి ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ‘జీరో ఎఫ్‌ఐఆర్’ నమోదు చేయాలి. మహారాష్ట్రలోని సోలాపూర్‌లో తెలుగు నేతకారుల పేట నీలం నగర్‌కు చెందిన మహిళపై పుణెలో దాడి జరిగినా, ఆమె సోలాపూర్‌లోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఫిర్యాదును మహిళా అధికారి రాసుకోవాలి, చదివి వినిపించాలి, ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. మరాఠీలో రాసింది పూర్తిగా అర్థం కాకపోతే తెలుగులో చెప్పించుకున్నాకే సంతకం చేయడం మంచిది. అత్యాచార ఫిర్యాదును నమోదు చేయని అధికారికి భారతీయ న్యాయ సంహిత 199వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 2 ఏళ్ల కఠిన జైలుశిక్ష పడవచ్చు. అత్యాచారానికి 64వ సెక్షన్ ప్రకారం కనీస శిక్ష 10 ఏళ్లు. బాధితురాలు మైనరైతే పోక్సో చట్టం వర్తిస్తుంది.

సాక్ష్యాలు, వైద్యం
ట్రిప్ వివరాలు, డ్రైవర్ పేరు, బండి నంబరు, చెల్లింపు రసీదు స్క్రీన్‌షాట్ తీసుకోవాలి, యాప్‌ను తొలగించకూడదు. వేసుకున్న బట్టలు ఉతక్కుండా కాగితపు సంచిలో ఉంచాలి, ప్లాస్టిక్‌లో చెమ్మకు ఆనవాళ్లు పాడవుతాయి. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ ఉచితంగా చికిత్స చేయాలి. పరీక్షకు బాధితురాలి సమ్మతి తప్పనిసరి. రెండు వేళ్ల పరీక్షను 2022లో సుప్రీంకోర్టు గట్టిగా నిషేధించింది.

పరిహారం, న్యాయ సహాయం
మహారాష్ట్రలో ‘మనోధైర్య’ పథకం కింద ఆర్థిక సాయం అందుతుంది. దరఖాస్తు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు చేసుకోవాలి. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు అక్కడ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు.

కంపెనీ బాధ్యత
ఇక్కడ చట్టం ఇంకా స్థిరపడలేదు. డ్రైవర్లు తమ ఉద్యోగులు కారని కంపెనీలు వాదిస్తాయి. 2018 నాటి వేధింపు ఘటనలో కర్ణాటక హైకోర్టు 2024 సెప్టెంబరు 30న, పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఓలా డ్రైవర్‌కూ వర్తిస్తుందని చెప్పి, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని కంపెనీని ఆదేశించింది. కొద్ది రోజులకే అదే హైకోర్టు ద్విసభ్య ధర్మాసనం ఆ తీర్పుపై స్టే ఇచ్చింది.

అత్యాచార ఫిర్యాదుకు కాలపరిమితి లేదు. ఆలస్యమైందన్న ఒక్క కారణంతో కేసు వీగిపోదని సుప్రీంకోర్టు 1996లోనే స్పష్టం చేసింది. అత్యవసర సహాయానికి 112, మహిళా హెల్ప్‌లైన్‌కు 181, న్యాయ సహాయానికి 15100 నంబర్లకు ఫోన్ చేయవచ్చు.