మా తాతల పుస్తకానికి తాళం

పోస్టు కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

నేను కొండరెడ్డి కుర్రాడ్ని. రాజమండ్రి హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. మన చరిత్ర మీద ప్రాజెక్టు రాద్దామని కూర్చుంటే, మనోళ్ల గురించిన పుస్తకాల్లో కొన్నిటికి తాళం ఉందనీ కొన్నిటికి లేదనీ తెలిసింది.

1907లో హెమింగ్‌వే అనే దొర గోదావరి జిల్లా గెజిటీర్ తెచ్చాడు. 1879 రంప తిరుగుబాటు అందులో ఉంది, తెల్లోళ్ల కళ్లతో. హక్కుల గడువు ఎప్పుడో తీరిపోయింది, ఫోన్లోకి ఉచితంగా దించుకోవచ్చు. ఆ తర్వాత హైమెన్‌డార్ఫ్ వచ్చి మనోళ్ల మధ్యే ఉండి, పోడు, వెదురు నరుకుడు, కలప వ్యాపారుల కింద కూలి బతుకు అన్నీ రాశాడు. ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ 1945లో వచ్చింది. బైసన్ హిల్స్ అంటే మన పాపికొండలే! మన దేశ చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. ఆయన 1995లో పోయాడు. ఆ లెక్కన 2055 చివరి దాకా ఆగాలి. అప్పటికి నాకు యాభై దాటతాయి.

తాళం వేయడమే తప్పని నేననను. రాసినోడికి హక్కు ఉండాలి. లైబ్రరీలు మధ్యే దారి ఒకటి చూశాయి: కాగితం పుస్తకం ఒకటి కొని ఉంటే, దాని స్కాన్‌ని ఒకసారికి ఒక్కరికే, గడువు పెట్టి ఇవ్వడం. అమెరికాలో ఇంటర్నెట్ ఆర్కైవ్ ఇట్లాగే ఇస్తే నలుగురు ప్రచురణకర్తలు కోర్టుకెళ్లారు. 2023లో ఆర్కైవ్ ఓడిపోయింది, 2024లో అప్పీలూ పోయింది. మన దగ్గర 2012 సవరణ ప్రకారం, లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ తన దగ్గరున్న కాగితం పుస్తకాన్ని భద్రపరచడానికి ఎలక్ట్రానిక్‌గా దాచుకోవచ్చు. దాచుకోమంది గానీ, ఊళ్లో కూర్చున్నోడికి పంపమని అందులో లేదు.

కాలేజీల కోసం ఎన్‌-లిస్ట్ ఉంది, ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్లది. కాలేజీ మన పేరు ఎక్కిస్తేనే పాస్‌వర్డ్ వస్తుంది. చదువు మధ్యలో మానేసిన మా తమ్ముడికి రాదు. ఆ పుస్తకంలో ఉన్నది వాడి తాతే కదా?

నాకు తొందర ఎందుకంటే, పాపికొండల కింద గోదారి ఒడ్డు ఊళ్లు చాలా పోలవరం ముంపులో ఉన్నాయి. ఊరు లేచిపోయి జనం కాలనీల్లో చెదిరాక, ఎవరి పోడు ఎక్కడుండేదో చెప్పే ముసలాళ్లు ఎన్నాళ్లుంటారు?

1898లో వసురాయ గ్రంథాలయంగా మొదలైన మన గౌతమీ గ్రంథాలయానికి వెళ్లి ఈ పుస్తకం కాగితం ప్రతి ఉందేమో అడుగుతా. ఉంటే లోపలే ఒక కంప్యూటర్లో, కాపీ తీసుకోకుండా చదవనివ్వమని అర్జీ పెడదాం. కాలేజీ కార్డు కాదు, ఊరి పేరు చెబితే చాలనేలా. సంతకాలకి ఎవరెవరు వస్తారో కింద రాయండి.

ఇంకోటి. పండగల్లో మన పెద్దోళ్ల పాటలు ఫోన్లో తీసినోళ్లు వాటిని అడక్కుండా ఎక్కడా పెట్టకండి. వాటికి తాళం ఉండాలో వద్దో ముందు ఊరి పెద్దల్నే అడుగుదాం.