ముందు ఎవరిని చూడాలి?

నలుగురు దెబ్బలు తిని పడి ఉన్న చోట మన కాళ్లు ముందు ఎవరి దగ్గరికి పరిగెడతాయి? ఎవరు ఎక్కువ కేకలు పెడితే వాళ్ల దగ్గరికే! మనిషి గుండె అలాంటిది మరి. కానీ అత్యవసర వైద్యం చేసేవాళ్ల లెక్క వేరు. కేకలు పెట్టేవాడికి కనీసం ఊపిరాడుతోంది. నోరెత్తని వాణ్ణి ముందు చూడమంటారు వాళ్లు.

ఈ మాట ఇవాల్టిది కాదు. నెపోలియన్ సైన్యంలో లారే అనే శస్త్రవైద్యుడుండేవాడు. 1790లలోనే గాయపడ్డవాళ్లను యుద్ధభూమి నుంచి గుర్రపుబళ్ల మీద తెప్పించే ఏర్పాటు చేశాడాయన. హోదా చూడకుండా గాయం తీవ్రతను బట్టి వైద్యం చేయాలన్నాడు. అంటే సేనాని గీరుడు దెబ్బకంటే బంటు తెగిన కాలే ముందన్నమాట. ఎందరు సేనానులు మూతి ముడుచుకున్నారో!

మనవాళ్లకూ అష్టస్థాన పరీక్ష ఉంది. నాడి, నాలుక, కన్ను, గొంతు, ఒంటి వేడి, ఆకారం, మలమూత్రాలు – ఎనిమిదీ చూసిగాని వైద్యుడు మందు చెప్పడు. పీట వేసుకుని నింపాదిగా చేసే పరీక్ష అది. నడిరోడ్డు మీద అంత తీరికెక్కడిది?

2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 బళ్లు మొదలయ్యాక ఈ రోడ్డు మీది పరీక్ష మన జనానికీ పరిచయమైంది. దానికో వరస ఉంది. పిలిస్తే పలుకుతున్నాడా? పలక్కపోతే, గిల్లితే కదులుతున్నాడా? నాలుక వెనక్కి పడి గొంతుకు అడ్డం రాలేదు కదా? రొమ్ము లేచి పడుతోందా? నాడి అందుతోందా, నెత్తురు కారిపోతోందా? విరిగిన చెయ్యీ, పాత జబ్బుల కథా ఆ తర్వాతే. అయితే వీటన్నిటికంటే ముందు ఇంకో ప్రశ్న ఉంది: నేను అడుగుపెట్టే చోటు నాకు క్షేమమేనా?

వినడానికి స్వార్థంలా లేదూ? అది ఎందుకు పెట్టారో 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నానికి తెలిసివచ్చింది. మూడు గంటల వేళ ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. గాలికంటే మూడున్నర రెట్లు బరువైన ఆవిరి అది. పైకి తేలిపోదు, నేలబారున పరుచుకుంటుంది. పరిగెత్తినవాళ్లు దారిలోనే కుప్పకూలారు. కూలినవాడికి ఆవిరి మరింత దగ్గర. కాపాడబోయిన వాళ్లకే కళ్లు మండి, తల తిరిగింది. అక్కడ పక్కన కూర్చుని నాడి పట్టుకుంటే లేవవలసినవాళ్లు ఒకరికి ఇద్దరవుతారు. ముందు మంచిగాలిలోకి లాగాలి, పరీక్ష తర్వాత. భుజాల మీదా, మోటారు సైకిళ్ల మీదా పిల్లల్ని మోసుకుపోయిన ఇరుగుపొరుగువాళ్లు ఏ శిక్షణా లేకుండానే ఆ పని చేశారు.

కింగ్ జార్జి ఆసుపత్రికి వందలమంది చేరారు. స్టైరీనుకు విరుగుడు మందంటూ లేదు. ఆక్సిజన్ పెట్టడం, ఊపిరి ఎలా ఉందో మళ్లీ మళ్లీ చూడడం, అంతే. ఒకసారి చూసి బాగానే ఉన్నాడని వదిలేసే పరీక్ష కాదిది. నడిచి వచ్చినవాడు అరగంటలో ఒరిగిపోవచ్చు.

12 మంది పోయారు. ఆ ఏడు జులైలో ప్రభుత్వ కమిటీ నివేదిక ఇచ్చింది. ఫ్యాక్టరీలో సైరను మోగించే చోట్లు 36 ఉన్నాయట. ఆ రాత్రి ఒక్కటీ నొక్కలేదు.