పోరాటగాథలు – పేకముక్కలు

నెల్లూరికి తూర్పున, బకింగ్‌హాము కాలువకును కృష్ణపట్నపు రేవునకును చేరువనున్న ముత్తుకూరు, రొయ్యల చెఱువులకును, 1991లో నెలకొన్న మత్స్యవిజ్ఞాన కళాశాలకును పేరుపొందిన గ్రామమేగాని, ఆటల చరిత్రలో నెన్నిక కెక్కినది కాదు. అయినను, కథ యొకచోట పుట్టి, మఱియొకచోట తెరమీద నాడి, తుదకు పిల్లల చేతులలో నాటవస్తువుగా మాఱు క్రమమును విచారింపదలచినవానికి ఈ తీరము తగినదే. ఏలయన, సరకుల పడవలు మదరాసు నుండి కాలువ వెంట నడచిన కాలముననే, ఆ మదరాసులో తయారైన తెలుగు చలనచిత్రములును ఈ ప్రాంతపు పల్లెల టూరింగు టాకీసులకు చేరుచుండెను.

అట్లు తెరమీది కథ యాటగా మాఱుటకు నేటి నిదర్శన మొకటి కలదు: హాంకాంగు యుద్ధవిద్యా చిత్రముల ఫణితిని పేకకట్టను తన యభిరుచి కొలది కూర్చుకొని యాడు వేడుక నేటి యువకులలో కొందఱికి కలదు. దానిని చూచి యిది యేదో పరదేశపు వింతయని పెదవి విఱచు పెద్దలకు గంజిఫా యను పాత పేకయాట సంగతి జ్ఞాపకము చేయవలసియున్నది.

బాబరు చక్రవర్తి 1527లో సింధుదేశపు షా హుస్సేనునకు గంజిఫా కట్టను పంపినట్లు తన యాత్మకథలో వ్రాసికొనెను. అక్బరు కాలపు కట్టను అబుల్ ఫజలు వివరించెను. మొగలాయీ దర్బారునకు చెందిన యీ యాట దక్షిణాపథమునకు దిగి వచ్చినపుడు, ఇచ్చటి చిత్రకారులు దానిని యథాతథముగా గ్రహింపక, గులాములను, కిరీటములను, ఖడ్గములను తొలగించి, దశావతారములను నిలిపిరి. పది రంగులు, రంగునకు పండ్రెండు చొప్పున 120 గుండ్రని ముక్కలు. మత్స్యావతారమునకు చేప, వామనునకు కమండలువు, పరశురామునకు గొడ్డలి గుర్తులు. ప్రతి రంగునందును ఒక రాజు, ఒక మంత్రి, ఒకటి మొదలు పది వఱకు సంఖ్యలు. బట్టను పొరలు పొరలుగా చింతగింజల జిగురుతో నంటించి, పైని రంగులు వేసి, లక్కపూతతో మెఱుగుపెట్టు పద్ధతి ఒరిస్సాలోను సావంతవాడిలోను ప్రసిద్ధము. మన తెలుగుసీమలో నిర్మలయందును, కర్నూలు సీమలోని నొస్సమునందును చిత్రకారు లీ ముక్కలను తయారుచేసిరి. మైసూరు ప్రభువైన ముమ్మడి కృష్ణరాజ ఒడయరు ఈ యాటపై మక్కువతో క్రొత్త కట్టలను కల్పింపగా, వానిలో కొన్ని మూడువందల ముక్కలకు పైబడినవి; అంత పెద్ద కట్టను చేతబట్టి యాడినవారి యోపికకు నమస్కరింపవలసినదే.

ఒరిస్సా చిత్రకారులు మఱియొక యడుగు ముందునకు వేసి, రామాయణమునే కట్టగా కూర్చి, రామునిసేన యొకవైపు, రావణునిసేన యొకవైపు నుండునట్లు ముక్కలను చిత్రించిరి. యుద్ధగాథను పేకగా మలచుట కంతకంటె నేమి నిదర్శనము వలయును? వేయేల, దశావతారపు కట్టలో బొమ్మలకంటె నియమమే నన్నెక్కువగ నాకర్షించినది. మొదటి యైదవతారములలో రాజు, మంత్రి తరువాత పది పెద్దది, ఒకటి చిన్నది. పరశురాముడు మొదలు తక్కిన యైదింటను ఆ వరుస తలక్రిందులై, ఒకటియే పదిని జయించును. పగలాడునపుడు రాముని ముక్క గలవాడును, రాత్రివేళ కృష్ణుని ముక్క గలవాడును ఆట మొదలుపెట్టుట పలుచోట్ల ఆచారము. కథ బొమ్మలో మాత్రమే కాక, ఆట నడకలోనికే ప్రవేశించుట యనగా నిదియే.

అచ్చుయంత్రముపై చవుకగా దిగిన యేబదిరెండు ముక్కల పేక ముందు చేతిపని నిలువలేకపోయెను. ఇస్పేటు, ఆఠీను, కళావరు, డైమను రాజ్యమేలినవి. వానితో పందెములును, పోలీసులును వచ్చిరి. 1967లో సర్వోన్నత న్యాయస్థానము, సికింద్రాబాదు క్లబ్బొకదాని వ్యవహారమున, రమ్మీ నైపుణ్యప్రధానమైన యాటయని తీర్పు చెప్పువఱకు పేక జూదమా, నైపుణ్యమా యను చర్చ సాగినది, తరువాతను ఆగలేదు.

ఈలోగా పోరాటగాథలకు తెర యాశ్రయ మిచ్చెను. హాంకాంగు చిత్రములు రాకమునుపే మనకు దర్శకుడు విఠలాచార్య తీసిన జానపద చిత్రములు కలవు. కత్తిసాములో చేయితిరిగి, ‘కత్తి కాంతారావు’ అని జనులచేత పిలిపించుకొన్న నటుడు కలడు. 1963 నాటి ‘గురువును మించిన శిష్యుడు’ అను చిత్రపు పేరు వినినంతనే, 1978లో షా సోదరులు తీసిన షావోలిను ముప్పదియాఱవ గది కథ స్ఫురింపకమానదు. అందును శిష్యుడు కఠినసాధనచే గది తరువాత గది దాటి, తానొక గురువై వెలువడును. బ్రూస్‌లీ 1973 జూలై 20న మరణించిన పిదప విడుదలయైన ‘ఎంటర్ ది డ్రాగన్’ లోకమంతట కరాటే, కుంగ్‌ఫూ మోజును రేపగా, మన పట్టణములును దానికి లోనైనవి. తొంబదవ దశకపు పిల్లలకు కుస్తీవీరుల ట్రంపుకార్డులు దొరకెను. ఎత్తు, బరువు, ఛాతీ, గెలిచిన పోటీలు అను సంఖ్యలను పోల్చి ముక్కను లాగుకొనుటయే యాట. అందు బొమ్మ కలదు, సంఖ్య కలదు, కథ మాత్రము లేదు.

కథను ఆటలోనికి మరల తెచ్చినది అమెరికాలోని గణితశాస్త్రజ్ఞుడు రిచర్డు గార్‌ఫీల్డు. 1993లో వెలువడిన అతని ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’ అను నాటలో, కట్ట అందఱికిని ఒక్కటే కాదు, ఆటగాడే ముక్కలను సేకరించి, మార్చుకొని, కనీస మఱువదింటితో, ఒకేపేరు గల ముక్కలు సాధారణముగ నాలుగింటికి మించకుండ తన కట్టను కూర్చుకొనవలెను. రెండేండ్లకు, 1995లో, రాబిన్ లాసు, హోసే గార్సియా లిరువురు ‘షాడోఫిస్టు’ అను నాటను హాంకాంగు చిత్రముల స్ఫూర్తితోనే కల్పించిరి. అందు వేర్వేఱు యుగముల వీరులు మహిమగల స్థలముల కొఱకు పోరాడుదురు. 2014లో మ్యాజిక్ కూడ ఒక క్రొత్త శ్రేణిలో యుద్ధవిద్యల మఠవాసులను ప్రవేశపెట్టి, ఆటగాడు వీరుల ముక్క గాక వేఱు మంత్రమును ప్రయోగించిన ప్రతిసారి, ఆ వంతునకు వారి బలము కొంత హెచ్చునట్లు నియమము చేసెను. సాధన చేసినకొలది బలము పెరుగునను చిత్రకథాసూత్రమునకు ఇంతకంటె చక్కని రూపమును నేనెఱుగను.

అయితే ఇట్టి కట్టను కూర్చువారు మొదట చేయు పొరపాటు ఒకటి కలదు. వీరులనే యేరి యేరి చేర్చి, వారిని పోషించు భూమి ముక్కలను తక్కువ చేయుదురు. అరువది ముక్కలలో ఇరువదినాలుగు వఱకు భూములకే విడుచుట అనుభవజ్ఞుల వాడుక. సేనాపతు లెందఱున్నను తిండిగింజలు లేని కోట నిలుచునా?

ఇక మనవా రాలోచింపవలసిన దొకటి మిగిలినది. పొరుగువారి చిత్రములను చూచి కట్టలు కూర్చుకొనుట తప్పు కాదు. కాని కాంతారావు కత్తియు, విఠలాచార్య మంత్రగాండ్రును, కఱ్ఱసాము గురువులును ముక్కలెక్కిన తెలుగు కట్ట యొకటి యేల యుండరాదు? దాని నియమమునకై వెదుకులాడ నక్కఱలేదు. ఒకటి పదిని జయించు గంజిఫా వరుసయే గురువును మించిన శిష్యునికి సరిపోవును. నిర్మల చిత్రకారుల కుంచెకును, ఆటలు కల్పించు మన యువకుల బుద్ధికిని పొత్తు కుదిర్చి యీ పనికి పూనుకొనుడని తెలుగు ప్రచురణకర్తలను కోరుచున్నాను.